లూథరు పెద్ద భార్య

ఎర్రకుంటపల్లె, పెద్దపల్లి తాలూకా
3 ఆగస్టు 1967

ప్రభువునందు ప్రియమైన బామ్మర్ది రాయమల్లుకు, మీ బావ ఉపదేశి దేవదాస్ శుభములు కోరి వ్రాయునది.

మేము క్షేమం. మీ అక్క ఎల్లక్కకు వానకాలం మోకాళ్ల నొప్పి తప్ప వేరే బాధ లేదు. ఆమె లెక్కలో వేరే బాధ నేనే.

అసలు సంగతికి వస్తాను. మార్టిన్ లూథరు అనే భక్తుడు జర్మనీ దేశంలో గుడి తలుపుకు ఒక కాగితం కొట్టి ఈ అక్టోబరు 31కి నాలుగు వందల యాభై ఏళ్లు నిండుతాయి. మన బోటి గుళ్లన్నిటికీ మొదలు ఆయనే. ఆ రోజు ప్రతి గుడిలో ఏదో ఒక కార్యక్రమం జరగాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. మా గుడికి ముగ్గురు సభ్యుల కమిటీ వస్తుంది. వాళ్లు వచ్చేది లూథరు కోసం కాదు, నా కోసం. ఇరవై రెండేళ్లుగా ఉపదేశిగా ఉన్నాను. ప్రసంగం చెప్పవచ్చు, గంట కొట్టవచ్చు, గుడి ఊడ్వవచ్చు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవాలంటే మాత్రం అభిషేకం పొందిన పాదిరి అయ్యగారు మూడు నెలలకొకసారి కరీంనగరం నుంచి రావాలి. యాభై దాటితే అభిషేకం ఇవ్వరు. నాకు నలభై తొమ్మిది. ఆ రోజు కమిటీకి నచ్చితే డిసెంబరులో నేనూ అయ్యగారినే. నచ్చకపోతే చీపురు నా చేతిలోనే ఉంటుంది.

నేను ప్రసంగం చెబితే ఊరు నిద్రపోతుందని కమిటీకి ముందే తెలుసు. అందుకే మీ బొగ్గుబాయి కార్మికుల మేళం చేత లూథరు చరిత్రను బాగోతంగా ఆడించాలని అనుకున్నాను. కమిటీ సాయంత్రం బస్సుకు వెళ్లాలి కనుక ఆట పగలే. ఒక నోటుబుక్కులో మాటలన్నీ రాసి పంపుతున్నాను. మూడు విషయాలు మాత్రం జ్ఞాపకం పెట్టుకో. కిరీటం వద్దు. గంతులు వద్దు. కథానాయకుడికి ఇద్దరు భార్యలు, వాళ్ల సవతి పోరు అసలే వద్దు. లూథరు గొప్ప పండితుడు. రాత్రింబవళ్లు చదివేవాడు, నా వంటి మనిషి.

నీ క్షేమం కోరే,
దేవదాస్


బెల్లంపల్లి
16 ఆగస్టు 1967

బావగారికి రాయమల్లు వందనాలు.

నోటుబుక్కు అందింది. మొదటి షిఫ్టుకు ముందు బాయి మీద అందరినీ కూర్చోబెట్టి చదివాను. మూడో పేజీకి సగం మంది ఒరిగిపోయారు. నాలుగో పేజీలో మీరు ఏదో దారిన పోతూ రాసినట్టు ఒక ముక్క రాశారు, లూథరు తండ్రి గని పని చేసేవాడని. బావా, ఆ ముక్కకు అందరూ లేచి కూర్చున్నారు. మళ్లీ చదవమన్నారు. నాలుగుసార్లు చదివాను. హిందువులు, తురకలు, మరాఠీ వాళ్లు, ఎవరైతేనేం, ఆ రోజు మొదటి షిఫ్టు మొత్తం లూథరు పక్షమే.

ఇక తలుపుకు కాగితం కొట్టిన సంగతి మాకు వివరించి చెప్పనవసరం లేదు. బాయి ఆఫీసు గేటుకు మేమూ కొడుతూనే ఉంటాం. ఆయనవి తొంభై అయిదు డిమాండ్లు అని రాశారు. మీ పుస్తకంలో నాలుగే ఉన్నాయి. తక్కినవి ఏవి? పంపకపోతే మావాళ్లే రాసేటట్టున్నారు. ఇప్పటికే ముప్పై దాకా వచ్చాయి. ఏడాదికి రెండు జతల బూట్లు, బాయిలో తాగే నీళ్లు, అట్లా.

కిరీటం లేకపోతే కుదరదు. కిరీటం లేని మనిషిని మనవాళ్లు వంటవాడనుకుంటారు. భార్యల సంగతి ఇంకా చిక్కు. మా మేళంలో ఆడవేషాలు ఇద్దరివి, సాంబయ్య, ఇస్తారి. పదిహేనేళ్లుగా ప్రతి ఆటలో వాళ్లిద్దరూ సవతులే. ఒకరికి వేషం ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే, సాంబయ్యది మద్దెల, ఇస్తారి తమ్ముడిది హార్మోనియం. ఎవరు అలిగినా ఆట మూగదవుతుంది. మీరు పండితులు కనుక మీరే ఉపాయం చెప్పాలి.

మీ అభిషేకం గురించి రాశారు. కావాలనే కోరుకుంటున్నాను, అక్క కోసం. ఊరి సంగతులు నేను అడగను, మీరు రాయవద్దు. పందొమ్మిదేళ్లుగా అట్లాగే నడుస్తున్నది కదా.

మీ
రాయమల్లు


ఎర్రకుంటపల్లె
29 ఆగస్టు 1967

ప్రియమైన రాయమల్లుకు,

లూథరు తండ్రి తవ్వింది రాగి, బొగ్గు కాదు. పైగా తర్వాత ఆయనే కొలుములు గుత్తకు తీసుకుని పదిమందిని పెట్టి పని చేయించాడు. ఈ రెండో మాట మీ వాళ్ల చెవిన వేయకు.

ఆయన రాసినవి డిమాండ్లు కావు. పాపానికి శిక్ష తగ్గుతుందని మత గురువులు చీట్లు అమ్ముతుంటే, అది తప్పని చర్చకు పిలిచిన వాక్యాలు. నా దగ్గర ఉన్న చిన్న పుస్తకంలో నాలుగే ఉన్నాయి, నేనేం చేయను? తక్కినవి లేకుండానే కాగితం పెద్దదిగా చేసి కొట్టండి. ఎవరూ దగ్గరికి వచ్చి చదవరు.

భార్య విషయంలో చరిత్ర స్పష్టంగా ఉంది. ఆయనకు ఒక్కతే భార్య, పేరు కేతరీన. మఠంలో సన్యాసినిగా ఉండి చేపల బండిలో దాక్కుని పారిపోయి వచ్చింది. సాంబయ్యకు ఆ వేషం ఇవ్వు. ఇస్తారిని లూథరు తల్లిగా పెట్టు.

నేను నీ ఉత్తరం చదువుతుంటే మీ అక్క విన్నది. తన మాట కూడా రాయమని పక్కనే కూర్చున్నది. రాస్తున్నాను: "రాయమల్లూ, గా లూథరు పొద్దంత రాసుకుంట కూసుంటే ఇంట్ల వండిందెవలు? పశువులను చూసిందెవలు? వచ్చిపోయేటోళ్లకు పెట్టిందెవలు? గామెదే అసలు కథ. మీ బావ పుస్తకంల గామెకు మూడు ముక్కలే ఉన్నయి. జర పెంచు." ఈ విషయంలో ఆమెతో వాదించి రెండు రోజులు చల్లన్నం తిన్నాను. కాబట్టి కేతరీన మాటలు కొంచెం పెంచవచ్చు.

దేవదాస్


బెల్లంపల్లి
20 సెప్టెంబరు 1967

బావగారికి,

ఇస్తారి తల్లి వేషం వేయనన్నాడు. నెత్తి మీద తెల్ల వెంట్రుకలు పెట్టుకుని సాంబయ్యను కోడలా అని పిలవడం కన్నా బాయిలో పడి చావడం మేలన్నాడు. చేపల బండి సంగతి విన్నాక మరీ పట్టుబట్టాడు. బండిలో ఇద్దరు పట్టరా అని అడుగుతున్నాడు.

తొంభై అయిదు పూర్తయ్యాయి. చివరిది దీపాల గది దగ్గర కూర్చోవడానికి బెంచీ.

ఇక నవ్వే మాట కాదు. యూనియన్‌లో హనుమంతు అని ఉన్నాడు, చదువుకున్నవాడు. మన ఆటలో రైతు వేషం ఆయనదే. హైదరాబాదు నుంచి ఒక పుస్తకం తెప్పించాడు. అందులో ఉన్నదేమిటంటే, లూథరు రాతలు విని జర్మనీలో రైతులు లేచారట. వెట్టి చేయబోమన్నారట, దొరలకు ఎదురు తిరిగారట. మా వెనుక లూథరు ఉన్నాడు కదా అనుకున్నారట. ఆయన ఏం చేశాడు? వాళ్లను కుక్కలను కొట్టినట్టు కొట్టండని దొరలకు రాశాడు. వేలకు వేలు చచ్చారు. హనుమంతు చదవడం ఆపాక ఒక్కొక్కరే లేచి దీపాలు తీసుకుని బాయిలోకి దిగారు. ఇస్తారి కూడా.

బావా, ఇది మీ నోటుబుక్కులో లేదు. మీకు తెలియదా, తెలిసి వదిలేశారా?

ఊరి సంగతి వద్దన్నది నేనే, కానీ ఇప్పుడు రాయకపోతే నాకు అన్నం ఎక్కదు. నలభై ఎనిమిది ఎండాకాలం, పోలీసు చర్యకు ముందు. వెట్టి చేయబోమని మన వాడకట్టంతా ఒట్టు పెట్టుకుంది. ఆ ఆదివారం దొర మనుషులు గుడిలో వచ్చి కూర్చున్నారు. పై అధికారులకు లోబడి ఉండమనే వాక్యం తీసి మీరు గంటసేపు ప్రసంగం చెప్పారు. సోమవారం అందరూ వెట్టికి పోయారు, ఐలవ్వ పెనిమిటి కొండల్ తప్ప. మంగళవారం అతను శవమయ్యాడు. సమాధి దగ్గరికి మీరు రాలేదు. మట్టి వేసింది నేనూ ఐలవ్వా. ఆ వారమే నేను రైలెక్కాను.

ఆ రైతుల రంగం ఆటలో ఉండాలని మావాళ్లు అంటున్నారు. నేనూ అంటున్నాను.

రాయమల్లు


ఎర్రకుంటపల్లె
4 అక్టోబరు 1967

శ్రీయుత రాయమల్లు గారికి,

మీ ఉత్తరం అందినది.

లూథరు గారికి ఆనాడు ప్రాణభయం ఉండెను. ఆయనను కాపాడుతున్నది కొందరు ప్రభువులే. రైతుల పక్షం వహిస్తే ఆయన పనంతా మట్టిలో కలిసేది. ఒక మనిషి రాసిన వంద పుస్తకాలలో ఒక్క పుస్తకాన్ని పట్టుకుని ఆయనను తూచడం న్యాయం కాదు. ఆయన తర్జుమా చేసిన బైబిలు ఉంది, కట్టిన పాటలు ఉన్నాయి, పెంచిన పిల్లలు ఉన్నారు. ఆ రంగం పెడితే కమిటీ లేచిపోతుంది. దయచేసి వద్దు. ఇది నేను అడుక్కుంటున్నానని అనుకున్నా ఫరవాలేదు.

మీ ఉత్తరంలోని రెండో విషయానికి జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ కాగితం చించాను.

ఇస్తారి చిక్కుకు దారి దొరికింది. వారం రోజులు ఆలోచించాను. క్రైస్తవ సంఘాన్ని క్రీస్తు పెండ్లికూతురని చెప్పడం మనకు అలవాటే. లూథరు ముందు పాత రోమా సంఘానికి కట్టుబడి ఉన్నాడు, తర్వాత విడిపోయాడు. కనుక పాత సంఘాన్ని ఆయన పెద్ద భార్యగా చూపవచ్చు. ఇస్తారి ఆ వేషం వేస్తాడు. నగలు ఎన్ని పెట్టుకున్నా అర్థానికి బలమే. సాంబయ్యతో పోట్లాడితే అది మత చర్చ అవుతుంది. కమిటీలో వేదాంతం చదివినవాళ్లు ఉన్నారు కనుక వాళ్లు సంతోషిస్తారు. ఇంత లోతైన సంగతి నాకు తట్టినందుకు దేవునికి స్తోత్రం.

ఇట్లు,
దేవదాస్


బెల్లంపల్లి, కంపెనీ దవాఖానా
27 అక్టోబరు 1967

బావగారికి,

మొన్న రెండో షిఫ్టులో బొగ్గు పెళ్ల పాదం మీద పడింది. ఎముక విరిగింది. ప్రాణానికి భయం లేదు, అక్కను పరేషాన్ చేయకండి. నేను రాలేను. మేళం వస్తుంది. నా బదులు లూథరు వేషం వేయడానికి ఆ మాటలన్నీ వచ్చినవాడు ఇంకెవడూ లేడు, రాసినవాడు తప్ప. మీరే వేయాలి.

రైతుల రంగం తీసేశాం. మీరు అడుక్కున్నందుకు కాదు, అక్క వేరే ఉత్తరం రాయించి పంపినందుకు. "ఇరువై రెండేండ్ల సంది గాయన గా బల్ల దిక్కు చూసుకుంట కూసున్నడు, గీ ఒక్కటి పోనియ్యి తమ్మీ" అన్నది.

పెద్ద భార్య సంగతి విని ఇస్తారి ఆనందం పట్టలేకపోయాడు. కొత్త కమ్మలు చేయించుకున్నాడు. సాంబయ్య మాత్రం, నేను చిన్న భార్యనైతే నాకే ముద్దు ఎక్కువ ఉండాలి అంటున్నాడు. చూసుకోండి.

కిరీటం పెట్టెలో పంపుతున్నాను. వద్దనకండి. మా మేళం కట్టుబాటు ఒకటి చెబుతాను, మరిచిపోకండి. కిరీటం పెట్టుకున్నవాడిని జనంలో ఎవరైనా లేచి ఏదైనా అడగవచ్చు. వాడు వేషంలోనే జవాబు చెప్పాలి. హారతి పాట అయ్యేదాకా కిరీటం దించరాదు. దించితే మేళం వాయిద్యం కింద పెట్టి వెళ్లిపోతుంది. పెద్దపల్లి స్టేషనుకు 30న బండి పంపండి.

రాయమల్లు


ఎర్రకుంటపల్లె
3 నవంబరు 1967

ప్రియమైన రాయమల్లుకు,

నీ కాలు ఎట్లా ఉంది? మేళం వాళ్లు నీకు చెప్పే ఉంటారు. అయినా నా నోటితో చెప్పాలి.

అద్దం ముందు నన్ను నేను చూసుకుని పారిపోదామనుకున్నాను. మొఖానికి పసుపు రంగు, చెక్క భుజకీర్తులు, నెత్తి మీద నీ కిరీటం, పైన నా తెల్ల అంగీ. మీ అక్క చూసి గోడ పట్టుకుని నవ్వింది. మిట్టమధ్యాహ్నం ఎండలో రంగు కారి గడ్డం మీదికి వచ్చింది. కమిటీ ముందు వరుసలో కుర్చీల్లో కూర్చుంది, అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు, ఒక డాక్టరమ్మ. ఊరు ఊరంతా వెనుక.

నేను కాగితం తలుపుకు కొట్టగానే మీ వాళ్లు తొంభై అయిదూ పాడారు. రోమాలోని పోపుగారు ఏడాదికి రెండు జతల బూట్లు ఇవ్వాలన్న దగ్గర హెడ్మాస్టరు జేబులోంచి కాగితం తీసి రాసుకోవడం చూశాను. లూథరు సైతాను మీద సిరాబుడ్డి విసిరాడని ఒక కథ ఉంది; ఆ రంగానికి బుడ్డిలో సిరాకు బదులు నీళ్లు పోయమని చెప్పడం మరిచాను. సైతాను తప్పుకున్నాడు, అధ్యక్షుడు తప్పుకోలేదు. ఇస్తారి, సాంబయ్యల పోరు అరగంట నడిచింది. చివరికి ఇస్తారి జడ ఊడి డాక్టరమ్మ ఒళ్లో పడింది. ఆమె దాన్ని మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చింది.

హారతికి ముందు ఆడవాళ్ల వైపు నుంచి ఐలవ్వ లేచింది. ముందు రోజు హనుమంతు వాళ్లకు ఆమె ఇంట్లోనే బస. అన్నం తింటూ ఆటలోంచి తీసేసిన రంగమంతా ఆమెకు చెప్పారట. ఆమె నిలబడి అడిగింది: "ఓ లూథరయ్యా, నీ మాట నమ్మి లేచినోళ్లను కొట్టుమని దొరలకు ఎందుకు చెప్పినవ్?"

మద్దెల ఆగింది. నేను నీకు రాసిన జవాబే పుస్తకం భాషలో మొదలుపెట్టాను, ప్రాణభయం, ప్రభువులు, పని మట్టిలో కలవడం. ఆమె సగంలో ఆపింది. "గది కాదు. సక్కగ చెప్పు."

కిరీటం తీసి పోదామని చెయ్యి పైకి ఎత్తాను. చీరలోనే మద్దెల వేసుకున్న సాంబయ్య దాని పట్టీ విప్పబోయాడు. చెయ్యి దించాను. ఎక్కడి నుంచి వచ్చాయో, నా నోట్లోంచి మా అవ్వ మాట్లాడే మాటలు వచ్చాయి.

"భయపడి చెప్పిన ఐలవ్వా. దొర మనుషులు ఎనుక బెంచీల కూసున్నరు. గా వాక్యం నేనే ఏరుకున్న, ఎవ్వలు చెప్పలే. సదువుతుంటే కొండల్ నా దిక్కు చూసిండు. నేను పుస్తకం దిక్కు చూసిన. మట్టికి సుత రాలే. తప్పు నాదే."

 ఐలవ్వ కూర్చుంది. ఎవరో హారతి పాట అందుకున్నారు. కమిటీ చప్పట్లు కొట్టింది. అదంతా ఆటలో భాగమే అనుకున్నారు, రాయమల్లూ. లూథరు పశ్చాత్తాపం చాలా సహజంగా ఉందని హెడ్మాస్టరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

నీ ఉత్తరానికి జవాబు ఇదే. కాగితం మీద రాయలేకపోయాను.

మీ బావ,
దేవదాస్


బెల్లంపల్లి, దవాఖానా
25 నవంబరు 1967

బావా,

ఉత్తరం చదివి పక్క మంచం వాళ్లు చూడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాను. పందొమ్మిదేళ్ల కోపం ఒక ఉత్తరంతో పోతుందని చెప్పను. కానీ కోపం వచ్చినప్పుడల్లా నెత్తి మీద కిరీటంతో మీరు కనబడుతున్నారు, నవ్వు వస్తున్నది. నవ్వుతూ కోపంగా ఉండడం నాకు చేతకావడం లేదు.

కమిటీ వాళ్లు మీకు పంపిన కాగితం నకలు అక్క రాయించి పంపింది. సిరా మరక, జడ, పెద్ద భార్య, అన్నీ క్షమించారట. పెద్ద భార్యలో ఉన్న అర్థం మెచ్చుకున్నారట. ఒక్కటే సందేహం రాశారు: "లూథరు నోట వచ్చిన కొండల్ అను జర్మను దేశస్థుని గూర్చి ఏ చరిత్రలోనూ లేదు. ఆధారము చూపిన యెడల అభిషేకము ఖాయము."

బావా, నా మాట వినండి. ఏదో పుస్తకంలో చదివానని రాయండి. జర్మనీలో ఒక కొండల్ ఉన్నాడని ఒక్క ముక్క రాస్తే ఎవరికి నష్టం? చచ్చినవాడు ఏమీ అనుకోడు. నేనూ అనుకోను. మీరు చెప్పవలసిన చోట చెప్పేశారు. అక్క ఇరవై రెండేళ్లు ఎదురు చూసింది.

మీ
రాయమల్లు


ఎర్రకుంటపల్లె
18 డిసెంబరు 1967

నా రాయమల్లుకు,

నీ సలహా వచ్చిన రోజు పొద్దున నేను దాదాపు అట్లాగే రాశాను. పుస్తకం పేరు కూడా పుట్టించాను. మీ అక్కకు చదివి వినిపించాను. ఆమె తల ఎత్తకుండా బియ్యం ఏరుతూ కూర్చుంది. నేను ఆ కాగితం చించి ఇంకొకటి రాశాను.

"కమిటీ వారికి. కొండల్ జర్మనీ వాడు కాడు. ఎర్రకుంటపల్లె వాడు. ఈ గుడిలో మూడో బెంచీలో కూర్చునేవాడు. 1948లో నా ప్రసంగం తర్వాత ఒక్కడే వెట్టికి పోలేదు గనుక చంపబడ్డాడు. ఆధారము నేనే."

నాలుగు రోజులకు కార్డు వచ్చింది. నా వివరణ లూథరు చరిత్రకు సంబంధించినది కాదట. వేషధారి సొంత మాటలు కలపడం వల్ల మహనీయుని జీవితం వక్రీకరించబడిందట. అభిషేకం విషయం ఇంతటితో మూసివేశారు. ఏడవలేదని రాస్తే అబద్ధం. గుడిలోకి పోయి ఆ బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. మీ అక్క వచ్చి పక్కన కూర్చుంది. "ఫికర్ చెయ్యకు, గంటైతే కొట్టనిస్తరు గద" అన్నది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఐలవ్వ గుడి మెట్ల దగ్గర ఆగింది. పందొమ్మిదేళ్లుగా ఆమె గుడికి వస్తుంది, నాతో మాట్లాడదు, మా గడప తొక్కదు. ఆ రోజు "నడువు" అన్నది.  బైబిలు పట్టుకుని వెంట నడిచాను.

కొండల్ సమాధి మీద తుమ్మ మొలిచింది. నేను బైబిలు తెరిచి సమాధి దగ్గర చదివే వాక్యం వెతుకుతున్నాను. ఆమె పుస్తకం మూసేసింది. "పుస్తకం ఒద్దు. గాయనతోని మాట్లాడు" అన్నది.

నేను వచ్చానని చెప్పాను. ఆలస్యమైందని చెప్పాను. ఇంకా ఏమేమి చెప్పానో నీకు రాయను, అది అతనికి చెప్పినది. ఆమె అడ్డం రాలేదు. అయిపోయాక ఇద్దరం కలిసి తుమ్మ కొమ్మలు నరికాం. ముల్లు గుచ్చుకుంటే నా చేతిని తన కొంగుతో తుడిచింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు తిరిగింది. ఐలవ్వ మా గడప దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి వచ్చింది. మీ అక్క మూడు కంచాలు పెట్టింది. ఐలవ్వ కూర్చుని అన్నం తిన్నది. చారులో ఉప్పు తక్కువైందని అన్నది.

నీ బావ,
దేవదాస్